జంట హిగ్స్ వేట: డేటా పెరిగినా తరగని దోషాలు

జెనీవా దగ్గర ప్రోటాన్లను ఢీకొట్టించే లార్జ్ హాడ్రాన్ కొలైడర్ రెండో విడతగా 2015 నుంచి 2018 దాకా నడిచింది. ఆ కాలంలో అట్లాస్ డిటెక్టర్ పోగుచేసిన డేటా 140 ఇన్వర్స్ ఫెమ్టోబార్న్ (ఎన్ని ఢీకొట్టుకోళ్లు జరిగాయో చెప్పే కొలమానం). సిద్ధాంతం ప్రకారం 13 టీఈవీ శక్తి దగ్గర రెండు హిగ్స్ బోసాన్లు జంటగా పుట్టే రేటు సుమారు 31 ఫెమ్టోబార్న్. రెండింటినీ హెచ్చవేస్తే ఆ నాలుగేళ్లలో పుట్టిన జంటలు 4,300 చిల్లర. అదే కాలంలో ఒంటరిగా పుట్టిన హిగ్స్‌లు డెబ్భై లక్షల పైమాటే. ఆ 4,300లో ఒక హిగ్స్ రెండు బాటమ్ క్వార్కులుగా, రెండోది రెండు ఫోటాన్లుగా విడిపోయేవి నూటికి 0.26 మాత్రమే. అంటే దాదాపు పదకొండు. వాటిలోనూ డిటెక్టర్ కంటపడేవి కొన్నే.

సంఖ్యలు ఇంత చిన్నవైనప్పుడు అసలు కష్టమంతా డేటా చాలకపోవడమే అనిపిస్తుంది. అది సగం నిజం. అట్లాస్ బృందం తన రెండో విడత వెతుకులాటలన్నిటినీ కలిపి 2024లో ప్రచురించిన ఫలితంలో, జంట హిగ్స్ ఉత్పత్తి, కణ భౌతికశాస్త్రపు ఇప్పటి సిద్ధాంతమైన ప్రామాణిక నమూనా చెప్పినదానికి 0.5 రెట్లు అని తేలింది. దాని పక్కన రెండు దోషాలు విడివిడిగా రాశారు. డేటా తక్కువగా ఉన్నందువల్ల వచ్చేది పైకి 0.9, కిందికి 0.8. కొలిచే పద్ధతిలో, సిద్ధాంతంలో, సిమ్యులేషన్‌లో ఉన్న తెలియనితనం వల్ల వచ్చేది పైకి 0.7, కిందికి 0.6. మొదటిదే పెద్దది, కానీ రెండోది దాని మడమ తొక్కుతూ వస్తోంది. పై హద్దు రూపంలో చెప్పాలంటే, ప్రామాణిక నమూనాకు 2.9 రెట్లకు మించి జంటలు పుట్టడం లేదని 95 శాతం నమ్మకంతో అనవచ్చు. అదే కొలైడర్ మీది మరో డిటెక్టర్ సీఎంఎస్ బృందం 2022లో ఇదే రకం హద్దును 3.4 రెట్లుగా చెప్పింది.

యాదృచ్ఛిక దోషం, క్రమదోషం అని ఇంటర్ మొదటి సంవత్సరం భౌతికశాస్త్రంలో చదువుకున్నవే ఈ రెండూ. జూన్, జులై నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి లోడుతో ట్రాక్టర్లు బారులు తీరతాయి. ఒక్కో బండి తూకంలో వచ్చే చిన్నచిన్న హెచ్చుతగ్గులు వంద బండ్ల సగటులో కొట్టుకుపోతాయి. కాటాయే క్వింటాలుకు కిలో తక్కువ చూపిస్తుంటే మాత్రం వెయ్యి బండ్లు తూచినా ఆ కిలో తేడా తేడాగానే ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే బరువు ముందే తెలిసిన రాళ్లు ఎక్కించి చూడాలి. అంతకుమించి దారి లేదు.

కొలైడర్ ప్రయోగాల్లో క్రమదోషాల మీద జరిగే పనిలో చాలా భాగం ఆ తెలిసిన రాళ్లను వెతకడమే. తిరుపతి–చిత్తూరు రోడ్డు మీది గాదంకిలో వాతావరణ పరిశోధనా ప్రయోగశాల రాడార్ చూపించిన గాలి వేగాన్ని అక్కడే ఎగరేసిన బెలూన్ పరికరాలు చెప్పిన వేగంతో పోల్చి చూస్తారు. ఒక పరికరాన్ని ఇంకొక పరికరంతో సరిచూడటం అన్న ఈ పద్ధతే కొలైడర్‌ను నడిపే సెర్న్ సంస్థలోనూ నడుస్తుంది. ఫోటాన్ శక్తిని సరిగ్గా కొలుస్తున్నామా అన్నది తేల్చడానికి జడ్ బోసాన్ అనే కణం రెండు ఎలక్ట్రాన్లుగా విడిపోయే ఘటనలను వాడతారు. జడ్ ద్రవ్యరాశి 91.19 జీఈవీ (కణాల ద్రవ్యరాశి కొలమానం) అని ఎంతో కచ్చితంగా తెలుసు కాబట్టి, ఆ ఘటనల ద్రవ్యరాశులు గీసినప్పుడు శిఖరం ఆ చోట నిలబడకపోతే తప్పు కొలతదే. ఇలాంటి దోషాలు డేటా పెరిగేకొద్దీ తగ్గుతాయి, ఎందుకంటే జడ్ బోసాన్లూ పెరుగుతాయి. అన్ని క్రమదోషాలూ ఇలా తగ్గవు. ఏది డేటాతోపాటు కరిగిపోతుంది, ఏది మనిషి కూర్చుని పని చేస్తే తప్ప కదలదు అన్న తేడా తెలిస్తే జంట హిగ్స్ వేట ఎటు పోతోందో తెలుస్తుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, హిగ్స్ బోసాన్ తనతో తానే ఎంత బలంగా ముడిపడి ఉందో చెప్పగల నేరైన కొలత ఇదొక్కటే. 2012 జులై 4న ప్రకటించిన ఆ కణం ద్రవ్యరాశి సుమారు 125 జీఈవీ అని తెలుసు. ఇతర కణాలతో దాని సంబంధాలు చాలావరకు కొలిచేశారు. హిగ్స్ క్షేత్రపు శక్తి వక్రం ఆకారం మాత్రం ఇంకా సిద్ధాంతం మాట మీదే నడుస్తోంది. విశ్వం తొలి క్షణాల్లో ఆ క్షేత్రం ఎలా స్థిరపడిందన్న ప్రశ్న ఆ ఆకారంతో ముడిపడి ఉంది. ప్రామాణిక నమూనా విలువతో పోల్చినప్పుడు ఈ స్వీయబంధం ఎన్ని రెట్లు అన్నదాన్ని కప్పా లాంబ్డా అంటారు. నమూనా నిజమైతే అది 1.

ఇక్కడొక చిక్కుంది. జంట హిగ్స్ పుట్టడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటి దారిలో టాప్ క్వార్క్ వలయం నుంచి రెండు హిగ్స్‌లు నేరుగా వస్తాయి. రెండో దారిలో ఒక హిగ్స్ పుట్టి, అది రెండుగా చీలుతుంది. స్వీయబంధం ఉన్నది రెండో దారిలోనే. ఈ రెండు దారులకూ మధ్య వినాశక వ్యతికరణం జరుగుతుంది, అంటే ఒకదాన్నొకటి కొంత మేర రద్దు చేసుకుంటాయి. అందుకే స్వీయబంధం పూర్తిగా సున్నా అయితే ఉత్పత్తి రేటు తగ్గకపోగా 70 ఫెమ్టోబార్న్ దాకా పెరుగుతుంది. కప్పా లాంబ్డా 1 దగ్గర అది 31. విలువ 2.3 దగ్గరికి వచ్చేసరికి 13కు పడిపోయి, ఆపైన మళ్లీ లేస్తుంది. ఈ అంకెలు గుర్తుంచుకోవాలి, తర్వాత అవసరం పడతాయి.

దోషాల జాబితాలో కొన్నిటి గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. మొత్తం ఎన్ని ఢీకొట్టుకోళ్లు జరిగాయో చెప్పే ల్యూమినాసిటీని, ప్రోటాన్ పుంజాలను కొద్దికొద్దిగా పక్కకు జరుపుతూ చేసే వాన్ డర్ మీర్ స్కాన్లతో కొలుస్తారు. రెండో విడత డేటాకు అట్లాస్ దాన్ని 0.83 శాతం కచ్చితత్వంతో తేల్చింది. జంట హిగ్స్ విషయంలో అది ఇప్పట్లో తలనొప్పి కాదు.

బాటమ్ క్వార్క్ జెట్లను, అంటే ఆ క్వార్కుల నుంచి ఒకే దిక్కుకు చిమ్మే కణాల గుంపులను, గుర్తించడం అలా కాదు. నాలుగు బాటమ్ జెట్లు కావలసిన చోట ఒక్కో జెట్‌ను గుర్తించే సామర్థ్యం 77 శాతమైతే, నాలుగూ దొరికేది నూటికి 35 సార్లే. ఆ 77 అన్న అంకెలోనే 2 శాతం తెలియనితనం ఉందనుకుందాం. నాలుగు జెట్లలోనూ అది ఒకే దిక్కుకు ఒరుగుతుంది, కాబట్టి వర్గమూలం లెక్కన 4 శాతంతో ఆగదు, నేరుగా 8 శాతం అవుతుంది. యాదృచ్ఛిక దోషాలకు అలవాటుపడిన విద్యార్థి తడబడేది సరిగ్గా ఇక్కడే. ఈ సామర్థ్యాన్ని టాప్ క్వార్క్ జంటల డేటాతో సరిచూస్తారు. టాప్ దాదాపు ప్రతిసారీ బాటమ్‌గానే విడిపోతుంది కాబట్టి అది నమ్మకమైన తెలిసిన రాయి.

రెండు బాటమ్, రెండు ఫోటాన్ల దారిలో పనితనం మరో రకం. రెండు ఫోటాన్ల ద్రవ్యరాశిని 105 నుంచి 160 జీఈవీ దాకా గీస్తే, నేపథ్యం, అంటే హిగ్స్ కాని మామూలు ఘటనలు, నునుపుగా కిందికి జారే గీతలా ఉంటుంది. హిగ్స్ ఉంటే 125 దగ్గర సన్నని శిఖరం లేవాలి. నేపథ్యానికి ఒక సరళమైన ఎక్స్‌పొనెన్షియల్ గీత పెడతారు. అయితే ప్రకృతి ఆ గీతనే వాడుతోందని ఎవరూ హామీ ఇవ్వలేదు. అసలు ఆకారం కొంచెం వంపు తిరిగి ఉండి, మనం నేరుగా గీస్తే, 125 దగ్గర మిగిలిన ఆ కాస్త ఎత్తు హిగ్స్‌లా కనిపిస్తుంది. అందుకని హిగ్స్ ఏమాత్రం లేని సిమ్యులేషన్ డేటాను తీసుకుని, అందులో హిగ్స్ ఉన్నట్టే వెతుకుతారు. లేనిచోట ఎంత దొరికిందో అంతా దోషం ఖాతాలో రాస్తారు. దీనికి స్పూరియస్ సిగ్నల్ పరీక్ష అని పేరు. తన పద్ధతి తనను ఎంత మోసం చేయగలదో ముందే కొలిచి పెట్టుకునే ఈ అలవాటు ప్రయోగ భౌతికశాస్త్రం సాధించిన గొప్ప విషయాల్లో ఒకటి.

ఇదే దారిలో ఒంటరి హిగ్స్ కూడా నేపథ్యమవుతుంది. ఒంటరి హిగ్స్ రెండు ఫోటాన్లుగా విడిపోయి, దాంతోపాటు వేరే చోటు నుంచి బాటమ్ జెట్లు వచ్చి పడితే, అచ్చం జంటలానే కనిపిస్తుంది. అది ఎంత తరచుగా జరుగుతుందో లెక్కలు గట్టిగా చెప్పలేకపోయాయి. అట్లాస్ విశ్లేషణలో ఆ రేటుకు 100 శాతం దోషం పెట్టారు. నూటికి నూరు దోషం పెట్టడమంటే, ఈ అంకె మాకు సరిగా తెలియదని లెక్కలోనే ఒప్పుకోవడం.

నాలుగు బాటమ్ జెట్ల దారి అన్నిటికన్నా మొండిది. జంటల్లో 34 శాతం ఇలాగే విడిపోతాయి, ఘటనల కొరత లేదు. కానీ ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు మామూలుగా చిమ్మే జెట్లే వాటిని వరదలా ముంచేస్తాయి. ఆ నేపథ్యాన్ని సిమ్యులేషన్‌తో నమ్మకంగా లెక్కించడం ఇప్పటి సాధనాలతో కుదరదు. అందుకే డేటా నుంచే తయారుచేస్తారు. రెండు జెట్లే బాటమ్‌గా తేలిన ఘటనలను తీసుకుని, వాటికి న్యూరల్ నెట్‌వర్క్‌తో బరువులు వేసి, నాలుగు బాటమ్ ఘటనల్లా కనిపించేట్టు మారుస్తారు. ఆ బరువులను నేర్చుకునేది హిగ్స్ ఉండే ప్రాంతంలో కాదు. రెండు జెట్ జంటల ద్రవ్యరాశులను అడ్డంగా, నిలువుగా గీసిన పటంలో హిగ్స్ ఉండాల్సిన మచ్చ చుట్టూ ఉన్న వలయంలో నేర్చుకుంటారు. వలయంలో నేర్చుకున్న పాఠం మధ్యలోని మచ్చకు వర్తిస్తుందా? నేరుగా చూసి చెప్పలేరు, ఎందుకంటే చూస్తే హిగ్స్‌నే చూసినట్టు. వలయంలోనే రెండు వేర్వేరు ముక్కల్లో విడివిడిగా నేర్పించి, జవాబుల మధ్య తేడాను దోషంగా తీసుకుంటారు. ఈ దారిలో ఫలితాన్ని ఎక్కువగా కుదిపే క్రమదోషాలు ఇలా పుట్టినవే. డేటా పెరిగితే నేర్చుకోవడం మెరుగవుతుంది కాబట్టి ఇవి కొంతవరకు తగ్గుతాయి. కానీ వలయం నుంచి మచ్చకు దూకడంలో ఉన్న అనుమానం డేటాతో పోదు, పద్ధతి మారాలి.

ఇంతకన్నా ఎక్కువగా ఆలోచింపజేసేది, రెండు ప్రోగ్రాములను పోల్చి తీసే దోషం. క్వార్కుల నుంచి జెట్లు ఎలా విరబూస్తాయో సిమ్యులేట్ చేయడానికి పితియా, హెర్విగ్ అని రెండు పేరుపొందిన ప్రోగ్రాములున్నాయి. క్వార్కులు మామూలు కణాలుగా ఎలా కూడుకుంటాయన్న చోట పితియా తీగల నమూనాను వాడితే, హెర్విగ్ గుంపుల నమూనాను వాడుతుంది. ఒకే విశ్లేషణను రెండింటితోనూ నడిపి, వచ్చిన తేడాను ఒక సిగ్మా (దోషాన్ని కొలిచే ప్రామాణిక ఏకకం) దోషంగా రాయడం ఆనవాయితీ. ఈ ఆనవాయితీకి గణితపరమైన పునాది బలహీనం. రెండు నమూనాల మధ్య దూరం ఒక సిగ్మాయే ఎందుకు కావాలి? రెండూ ఒకే దిక్కుకు తప్పి ఉంటే తేడా సున్నా వస్తుంది, దోషం మాత్రం ఉంటుంది. ఒకటి పూర్తిగా సరై రెండోది పాతబడి ఉంటే, అనవసరంగా పెద్ద దోషం మోస్తాం. పైగా ఈ రెండు చివరల మధ్య ఎక్కడో నిజం ఉందని, డేటాకు లెక్కను సరిపెట్టే ఫిట్‌కు చెప్పినప్పుడు, నిజం ఆ గీత మీదే ఉండాలన్న నియమమేమీ లేదు. డేటా చాలనంత కాలం ఇది పెద్దగా బాధించదు. డేటా పెరిగినకొద్దీ ఈ పునాదిలోని పగుళ్లు బయటపడతాయి.

ఇలాంటి దోషాలన్నీ చివరికి ఏ విలువలు డేటాకు బాగా సరిపోతాయో తేల్చే ఒకే లైక్లీహుడ్ సమీకరణంలోకి న్యూసెన్స్ పారామీటర్లుగా, అంటే జవాబు కాకపోయినా లెక్కలో మోయాల్సిన రాశులుగా చేరతాయి. ఒక్కోటీ ఎంత అటూ ఇటూ జరగవచ్చో ముందే ఒక హద్దు పెడతారు, ఫిట్ వాటన్నిటినీ కలిపి సర్దుతుంది. ఫిట్ తర్వాత ప్రతి పారామీటర్ తన చోటు నుంచి ఎంత జరిగింది, దాని హద్దు ఎంత బిగిసింది అన్నది వరసగా గీసి చూస్తారు. అనుభవజ్ఞులు పేపర్‌లో ముందు తెరిచే పటం తరచుగా ఇదే. 20 శాతం దోషంతో లోపలికి వెళ్లిన పారామీటర్ 5 శాతంతో బయటికి వస్తే సంతోషపడే ముందు ఆగాలి. డేటా నిజంగానే అంత చెప్పిందా, లేక ఆ దోషాన్ని వర్ణించిన నమూనా మరీ బిరుసుగా ఉండి, వంగాల్సిన చోట వంగలేక తప్పుడు ధైర్యం ఇచ్చిందా? రెండో సందర్భంలో ఆ పారామీటర్‌ను రెండు మూడు ముక్కలుగా విడగొట్టి ఫిట్‌కు చోటివ్వాలి. దారులన్నిటినీ కలిపేటప్పుడు ఏ దోషం అందరికీ ఉమ్మడి, ఏది ఎవరి సొంతం అన్న నిర్ణయం కూడా ఇక్కడే జరుగుతుంది. ల్యూమినాసిటీ ఉమ్మడి అని చెప్పడం తేలిక. నాలుగు బాటమ్ దారిలోని న్యూరల్ నెట్‌వర్క్ దోషం ఎవరితోనూ కలవదని చెప్పడమూ తేలికే. మధ్యలో ఉన్నవాటికి మనుషులు కూర్చుని వాదించుకోవాల్సిందే.

ఇక సిద్ధాంతపు వైపు. పేపర్లలో ఒక వరుసలో కనిపించి పోయే ఒక అంకె మీద ఎక్కువసేపు ఆగాలి. 31 ఫెమ్టోబార్న్ అన్న ఉత్పత్తి రేటుకు సిద్ధాంతవేత్తలు ఇచ్చే దోషం పైకి 6 శాతం, కిందికి 23 శాతం. కిందివైపు ఇంత పెద్దగా ఉండటానికి ముఖ్య కారణం టాప్ క్వార్క్ ద్రవ్యరాశి. వలయంలో తిరిగే టాప్‌కు 173 జీఈవీ స్థిర ద్రవ్యరాశిని పెట్టవచ్చు. లేదా శక్తితోపాటు మారే ద్రవ్యరాశిని పెట్టవచ్చు, అది శక్తి పెరిగేకొద్దీ తగ్గుతుంది. లెక్కను అన్ని మెట్లూ ఎక్కి పూర్తిగా చేయగలిగితే రెండు పద్ధతులూ ఒకే జవాబివ్వాలి. టాప్ ద్రవ్యరాశిని పూర్తిగా ఉంచి చేసిన లెక్క 2016లో ఒక మెట్టు పైకెక్కింది. ఆ పై మెట్టుకు మూడు వలయాల ఇంటెగ్రల్స్ కావాలి, అవి బాగా కఠినం. అందాకా రెండు జవాబుల మధ్య దూరమే దోషం.

ఇప్పుడు వెనక చెప్పిన అంకెలు అక్కరకొస్తాయి. 31లో 23 శాతం తీసేస్తే మిగిలేది సుమారు 24. కప్పా లాంబ్డా 1 అయినప్పుడు రేటు 31. అదే రేటు 24కు పడాలంటే కప్పా లాంబ్డా ఎంత ఉండాలి? పైన చెప్పిన వక్రం మీద లెక్కేస్తే దాదాపు 1.28. అంటే రేటు ఒక్కదాన్నే చూస్తే, సిద్ధాంతపు తెలియనితనం, స్వీయబంధం 28 శాతం పెరగడం అన్నవి ఒకదానికొకటి అచ్చు పోలికే. జంట ద్రవ్యరాశి ఎలా పంచుకుని ఉందన్న సమాచారం కూడా వాడతారు కాబట్టి అసలు విశ్లేషణ ఇంతకన్నా మెరుగ్గానే చేయగలదు. అయినా ఈ పోలిక పరిమాణం మరిచిపోరానిది. ఎందుకంటే 3,000 ఇన్వర్స్ ఫెమ్టోబార్న్ డేటాతో నడవబోయే హై ల్యూమినాసిటీ దశ చివరికి, స్వీయబంధాన్ని 30 శాతం కచ్చితత్వంతో కొలవాలన్నదే అట్లాస్, సీఎంఎస్‌ల ఉమ్మడి అంచనా.

ఒక సూక్ష్మం ఇక్కడే చెప్పుకోవాలి. హద్దును ఫెమ్టోబార్న్‌లలో చెబితే ఈ సిద్ధాంతపు దోషం అందులోకి రాదు, కొలిచింది కొలిచినట్టు ఉంటుంది. ప్రామాణిక నమూనాకు ఎన్ని రెట్లు అని చెబితే మాత్రం హారంలో సిద్ధాంతం కూర్చుంటుంది, దాని దోషమూ వెంట వస్తుంది. పత్రికల్లో మనం చదివేది ఎక్కువగా రెండో రకమే.

భవిష్యత్తు అంచనాలను చదివేటప్పుడూ ఈ జాగ్రత్త అవసరం. 2019లో రెండు ప్రయోగాలూ కలిసి, హై ల్యూమినాసిటీ దశ చివరికి జంట హిగ్స్ సంకేతం 4 సిగ్మా బలంతో (సిగ్మా పెరిగేకొద్దీ అది కాకతాళీయం అయ్యే అవకాశం తగ్గుతుంది) కనిపించవచ్చని, క్రమదోషాలే లేకపోతే అది 4.5 అయ్యేదని లెక్కగట్టాయి. 2025 నాటికి కొత్త అంచనా 7 సిగ్మా దాటింది. మధ్యలో డేటా లక్ష్యం మారలేదు. బాటమ్ జెట్లను గుర్తించే పద్ధతులు, విశ్లేషణలు మెరుగయ్యాయి. ఇది నిజంగా మనుషుల తెలివి సాధించిన లాభం. కానీ ఆ అంచనాల్లో ఒక షరతు దాగి ఉంది. సిద్ధాంతపు దోషాలు అప్పటికి సగానికి తగ్గుతాయని అనుకుని లెక్క వేస్తారు. 2019 లెక్కలో సిమ్యులేషన్ ఘటనలు చాలకపోవడం వల్ల వచ్చే దోషాన్ని సున్నాగా తీసుకున్నారు. రెండు వందల ఢీకొట్టుకోళ్లు ఒకేసారి ఒకదాని మీద ఒకటి పడే ఆ రోజుల్లో అన్ని సిమ్యులేషన్లు నడిపే కంప్యూటర్లు, ఆ సగం తగ్గించే లెక్కలు ఎవరో ఒకరు తయారుచేయాలి. ఆ పనులు జరుగుతాయని ముందే జమకట్టుకున్న అంచనా అది.

భారత్ 2017 జనవరి నుంచి సెర్న్‌లో అసోసియేట్ సభ్య దేశం. సీఎంఎస్ డిటెక్టర్ భాగాల తయారీలో టాటా ఇన్‌స్టిట్యూట్ వంటి సంస్థలు మొదటి నుంచీ ఉన్నాయి. తిరుపతికి ఇందులో సంబంధం ఏమిటని అడిగేవారుంటారు. డిటెక్టర్ కట్టడానికి పెద్ద వర్క్‌షాపులు, పెద్ద నిధులు కావాలి. పైన చెప్పిన దోషాల్లో మొండివి మాత్రం బల్ల ముందు కూర్చుని చేసే పనులు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనో, ఏర్పేడు వైపున్న ఐసర్, ఐఐటీ క్యాంపస్‌లలోనో ఎమ్మెస్సీ చదివే విద్యార్థికి పితియా, హెర్విగ్ రెండూ ఉచితంగా దొరుకుతాయి. సీఎంఎస్ డేటా 2014 నుంచి విడతలుగా అందరికీ తెరిచి ఉంది. అట్లాస్ 2024 జులైలో 2015, 2016 సంవత్సరాల డేటా 65 టెరాబైట్లు పరిశోధన కోసం విడుదల చేసింది. మూడు వలయాల ఇంటెగ్రల్ ల్యాప్‌టాప్ మీద తేలదు, దానికి ఏళ్ల తర్ఫీదు కావాలి. కానీ ఒకే జంట హిగ్స్ ప్రక్రియను రెండు ప్రోగ్రాములతో నడిపి, బాటమ్ జెట్ల శక్తి ఎక్కడ విడిపోతోంది, ఆ విడిపోవడం ఏ ఒక్క సెట్టింగ్ వల్ల వస్తోంది అని విప్పి చూడటం ఒక సెమిస్టర్ ప్రాజెక్టుకు సరిపోయే పని. రెండు చివరల మధ్య గుడ్డిగా గీసిన ఆ గీత స్థానంలో, కారణం తెలిసిన నాలుగైదు చిన్న దోషాలను పెట్టగలిగేది ఇలా విప్పి చూసినవాళ్లే.